మెడికల్ ఫిజిసిస్ట్ అవుదామనుకుంటున్నాను, వెళ్ళమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. పోయినేడాది మా అమ్మమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో రేడియేషన్ ఇప్పించాం. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకావిడని డాక్టరనుకుని పలకరిస్తే, తను మెడికల్ ఫిజిసిస్ట్‌నని, తనదీ ఎమ్మెస్సీ ఫిజిక్సేనని చెప్పారు. అప్పటి నుంచి నాకు అదే చెయ్యాలనుంది. ఇంట్లో పెద్దమ్మ మాత్రం ‘రేడియేషన్ దగ్గర ఆడపిల్లకి ఉద్యోగమేంటి, రేపు పిల్లలు పుట్టకపోతే ఎవరిది పూచీ’ అంటోంది. మా సీనియర్ ఒకతను జీతాలు తక్కువ, చాకిరీ ఎక్కువ అన్నాడు. ఫ్రెండ్స్ ఏమో ఏఐ వచ్చాక ఆ ఉద్యోగాలే ఉండవంటున్నారు. బీఎడ్ చేసి టీచర్ పోస్టుకి చదువుకోమని నాన్న సలహా. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మా పెద్దమ్మాయిది నీ వయసే. అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా. ఈ పనిలోకొచ్చి నాకు 22 ఏళ్ళు దాటింది. నువ్వు చూసిన ఆవిడ కుర్చీ లాంటి కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు పెద్దమ్మ మాట తేల్చేద్దాం. మిగతావి ఎన్ని చెప్పినా మీ ఇంట్లో సంగతి ఆ ఒక్క మాట దగ్గరే ఆగుతుంది. ఇవాళ చాలా ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చేది లినాక్ అనే మెషిన్‌తో. అది కరెంటు మీద నడుస్తుంది. బీమ్ ఆన్ చేస్తే రేడియేషన్ వస్తుంది, ఆపితే ఆగిపోతుంది, ట్యూబులైటు ఆర్పినట్టు. బీమ్ నడిచేటప్పుడు గదిలో పేషెంటు తప్ప ఎవరూ ఉండరు. బీమ్ నేరుగా తగిలే వైపు గోడ రెండు మీటర్ల పైచిలుకు మందం కాంక్రీటు. మనం గది బయట కూర్చుని కెమెరాలో చూస్తూ ఉంటాం. కోబాల్ట్ మెషిన్‌లోనూ, మీ అమ్మమ్మకి లోపలి నుంచి ఇచ్చి ఉంటారే, ఆ బ్రాకీథెరపీలో వాడే ఇరీడియంలోనూ సంగతి వేరు. ఆ లోహాల నుంచి రేడియేషన్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అవి ఆర్పడానికి వీల్లేని దీపాలు, మూత మాత్రమే మన చేతిలో ఉంటుంది. అక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యాలి. ఆ పద్ధతులన్నీ చదువులోనే నేర్పిస్తారు.

మాలో ప్రతి ఒక్కరం ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం. మూడు నెలలకోసారి అది ల్యాబ్‌కి వెళ్ళి, మనకి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కతో తిరిగొస్తుంది. ఒంటికి తగిలిన రేడియేషన్‌ని మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. మన దేశంలో రేడియేషన్ పనివాళ్ళకి పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. భూమి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో ఎవరికైనా ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ వస్తాయి. నా బ్యాడ్జి రిపోర్టులన్నీ ఫైలు చేసి దాచుకున్నాను. 22 ఏళ్ళలో ఏ సంవత్సరమూ నా లెక్క ఒక మిల్లీసీవర్టు దాకా కూడా వెళ్ళలేదు. గర్భిణి అని తెలిసి చెప్పగానే, కడుపులో బిడ్డకి అందే మోతాదు ఆ మిగతా నెలలన్నిటికీ కలిపి ఒక మిల్లీసీవర్టు దాటకూడదని నిబంధన ఉంది. మా రెండో అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నన్ను బ్రాకీథెరపీ డ్యూటీ నుంచి తప్పించి ప్లానింగ్‌లో కూర్చోబెట్టారు. తొమ్మిదో నెల దాకా పనిచేశాను. ఇద్దరు పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారు. పెద్దమ్మకి ఈ అంకెలు చెబితే ఎక్కకపోవచ్చు. నా పిల్లల సంగతి చెప్పు.

ఇక అసలు పని. పేషెంట్లు దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు, మీ అమ్మమ్మ కూడా అలాగే అని ఉంటుంది. ఆ కరెంటు ఎక్కడ, ఎంత పెట్టాలో నిర్ణయించేది డాక్టర్. సీటీ స్కాన్ మీద గడ్డ చుట్టూ గీత గీసి, ఇక్కడికి ఇన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదుకి కొలత) వెళ్ళాలి, పక్కనున్న వెన్నుపాముకి ఇంతకు మించి పోకూడదు అని రాసిస్తారు. ఆ రెండు కోరికలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతుంటాయి. గొంతు క్యాన్సర్‌కి 70 గ్రేల దాకా ఇవ్వాలి, వేలెడు దూరంలో ఉన్న వెన్నుపాముకి 45 లోపల ఆపాలి. బీమ్ ఏ కోణాల నుంచి రావాలి, ఎక్కడ ఎంతసేపు ఉండాలి అని కంప్యూటర్‌లో గంటల తరబడి కూర్చి ఆ ప్లాన్ తయారుచేసేది ఫిజిసిస్ట్. తర్వాత ఆ ప్లాన్‌ని మనిషి మీద కాకుండా ముందు ఫాంటమ్ అనే దిమ్మ మీద నడిపి, కంప్యూటర్ చెప్పిందీ మెషిన్ ఇచ్చిందీ ఒకటేనా అని కొలుస్తాం. పగలంతా మెషిన్ పేషెంట్లతో నిండి ఉంటుంది కాబట్టి ఈ కొలతలు సాయంత్రం ఏడు తర్వాతే కుదురుతాయి. మీ సీనియర్ చాకిరీ అన్నది దీని గురించే అయ్యుంటుంది. అది నిజం, దాచను.

కానీ నన్నడిగితే ఈ ఉద్యోగం ప్రాణమంతా పొద్దున్న ఏడింటికి, పేషెంట్లు రాకముందు చేసే పనిలో ఉంది. మీ నాన్నగారు డిపోలో చేసేది అదే. బస్సు గేటు దాటకముందే బ్రేకులు చూస్తారు కదా? రాత్రి బాగానే వచ్చింది, పొద్దున్నా బాగానే ఉంటుందిలే అనుకోరు. మేమూ రోజూ మెషిన్ అవుట్‌పుట్ చూస్తాం. నిన్న ఇచ్చినంతే ఇవాళా ఇస్తోందా అని. రోజువారీ చెక్‌లో మూడు శాతం మించి తేడా వస్తే ఆగి చూడాల్సిందే.

దీనికి నాకు జరిగింది ఒకటి చెబుతాను. నా ఇంటర్న్‌షిప్ రోజులు, హైదరాబాద్‌లోనే. అయాన్ చాంబర్ అని వేలంత ఉంటుంది, అందులో ఒక అర ఘన సెంటీమీటరు పైచిలుకు గాలి. ఆ గాలిలో పుట్టే విద్యుత్తును కొలిచి మోతాదు లెక్కకడతాం. గాలి పల్చనైతే రీడింగ్ తగ్గుతుంది కాబట్టి ఉష్ణోగ్రతకీ పీడనానికీ సవరణ చెయ్యాలి. ఆ రోజు డిపార్ట్‌మెంట్‌లో బారోమీటర్ పనిచెయ్యలేదు. నేను తెలివిగా వాతావరణం వార్తల్లో వచ్చిన పీడనం తీసుకుని లెక్క కట్టేశాను. అవుట్‌పుట్ ఆరు శాతం తక్కువొచ్చింది. మెషిన్ పడిపోయింది, పైకి సరిచెయ్యాలి సార్ అని పరిగెత్తాను. మా సార్ నా కాగితం చూసి అడిగిందొక్కటే: ‘ఈ 1012 ఎక్కడిదమ్మా?’ వార్తల్లో చెప్పేది సముద్రమట్టానికి సవరించిన పీడనం. హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గదిలో నిజంగా ఉండేది 950 మిల్లీబార్ల దరిదాపుల్లో. విశాఖపట్నంలో అయితే నా తప్పు బయటపడేది కూడా కాదు. ఇక్కడ మాత్రం, నా మాట నమ్మి మెషిన్‌ని సరిచేసి ఉంటే, ఆ రోజు నుంచి ప్రతి పేషెంటుకీ ఆరు శాతం ఎక్కువ పడేది. ఎవరికీ తెలిసేది కాదు. రేడియేషన్ కంటికి కనపడదు, వాసన రాదు, ఎక్కువైనా ఆ రోజు నొప్పి పుట్టదు.

అలా ఎవరూ పట్టుకోకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1974 నుంచి 1976 దాకా అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఒక ఆసుపత్రి. కోబాల్ట్ శక్తి నెలకి ఒక శాతం చొప్పున తగ్గుతుంది, దానికి తగ్గట్టు పేషెంటు బీమ్ కింద ఉండే సమయం పెంచుతూ పోవాలి. అక్కడి ఫిజిసిస్ట్ ఆ తగ్గుదల గీతని తప్పుగా గీశాడు. గీత ప్రకారం కోబాల్ట్ నిజంగా తగ్గినదానికంటే ఎక్కువ తగ్గినట్టు కనపడింది. దాన్ని నమ్మి సమయం పెంచుకుంటూ పోయారు. చాంబర్ పెట్టి ఒక్కసారి కొలిచి ఉంటే తెలిసిపోయేది. 22 నెలలు కొలవలేదు. 426 మందికి ఎక్కువ మోతాదు పడింది, చివరికొచ్చేసరికి నలభై శాతం దాటింది. ఆయన పనిదొంగ కాదు. కొత్తగా వచ్చిన ఇంకో మెషిన్ పనిలో మునిగిపోయి ఉన్నాడు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ మాట చదివినప్పుడు. ఒక్క ఫిజిసిస్ట్ మీద రెండు మెషిన్లు పెట్టే చోట్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

కాబట్టి నువ్వు నిన్ను అడుక్కోవాల్సింది లెక్కలు వచ్చా, రేడియేషన్ అంటే భయమా అని కాదు తల్లీ. హాలు నిండా పేషెంట్లు కూర్చుని ఉండగా ‘ఇవాళ మెషిన్ ఆపండి’ అని చెప్పగలవా? కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట పొద్దున చెక్‌లో అవుట్‌పుట్ నాలుగు శాతం ఎక్కువ చూపించింది. చాంబర్ మార్చి కొలిచాను, అంతే వచ్చింది. బయట 40 మంది. పదకొండయ్యేసరికి మేనేజ్‌మెంట్ నుంచి ఒకాయన వచ్చి, ‘నాలుగు శాతమే కదా మేడమ్, పేషెంట్లకి ఏం చెప్పమంటారు’ అన్నారు. నేనే చెబుతానన్నాను. హాల్లోకి వెళ్ళి ఒక్కొక్కరి దగ్గరా నిలబడి చెప్పాను. నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మెడ మీద చర్మం అప్పటికే నల్లగా కమిలిపోయి ఉంది, ‘ఇయ్యాల కరెంటు ఎక్కువొస్తుందా బిడ్డా?’ అని అడిగాడు. అవునన్నాను. ‘అయితే వద్దులే, రేపు పెట్టించుకుంటా’ అని తువ్వాలు దులుపుకుని లేచాడు. సాయంత్రం ఇంజినీరు వచ్చి చూస్తే మెషిన్ లోపల మోతాదును లెక్కపెట్టే మానిటర్ చాంబరే పాడైంది. ఆ నెల నా మీద పైవాళ్ళకి ఫిర్యాదు వెళ్ళింది. ఆ పెద్దాయనకి మాత్రం సంగతంతా ఒక్క మాటలో అర్థమైంది.

చదువు సంగతి. నీకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉంది కాబట్టి దాని మీద రేడియలాజికల్ ఫిజిక్స్ లేదా మెడికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చెయ్యాలి. ముంబైలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం, 1962 నుంచి నడుపుతున్న ఏడాది డిప్లొమాకి మా రంగంలో చాలా విలువ ఉంది. సీట్లు కొద్దే, దేశమంతా పోటీ పడుతుంది, ఫిజిక్స్ బేసిక్స్ గట్టిగా చదువుకుని రాయి. అది కాక కొన్ని యూనివర్సిటీల్లో, క్యాన్సర్ ఆసుపత్రుల్లో కోర్సులున్నాయి. కాలేజీ వాళ్ళు కరపత్రంలో ఏం వేసుకున్నా నమ్మొద్దు. ఏఈఆర్‌బీ, అంటే మన దేశంలో రేడియేషన్‌కి లైసెన్సులిచ్చే సంస్థ, దాని గుర్తింపు ఉన్న కోర్సా కాదా అని చూసుకున్నాకే ఫీజు కట్టు. మెడికల్ ఇమేజింగ్, రేడియాలజీ టెక్నాలజీ అని వినడానికి దగ్గరగా ఉండే కోర్సులు వేరు. అవీ మంచి చదువులే, కానీ వాటితో ఫిజిసిస్ట్ పోస్టు రాదు. పేర్లు చూసి పొరపడి రెండేళ్ళు పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరకొచ్చి ఏడ్చారు.

డిప్లొమా తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఓ పరీక్ష, అంటే రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ అర్హత. అది పాసైతే నీ విలువ మారిపోతుంది, ఎందుకంటే ఆర్‌ఎస్‌ఓ లేకుండా ఏ ఆసుపత్రీ రేడియోథెరపీ నడపడానికి లేదు. చిన్న సెంటర్లలో ఫిజిసిస్టే ఆర్‌ఎస్‌ఓ కూడా. సంతకం నీదైతే బాధ్యతా నీదే, అది గుర్తుంచుకో.

డిగ్రీ ఎక్కడ చేశావన్నదాని కంటే ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావన్నదే నిన్ను ఫిజిసిస్ట్‌ని చేస్తుందని నా నమ్మకం. మెరిసే కార్పొరేట్ భవనం చూసి పరిగెత్తకు. రోజుకి వంద మంది పేషెంట్లొచ్చే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో, కొత్త లినాక్ పక్కనే పాత కోబాల్ట్, బ్రాకీథెరపీ కూడా ఉన్నచోట చేస్తే పదేళ్ళ చదువు ఒక ఏడాదిలో వస్తుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 1955 నాటిది. విశాఖ దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కొన్నిచోట్ల ఇంటర్న్‌లని ఏడాదంతా రిజిస్టర్లు నింపించి, స్కాన్ ఫైళ్ళు పంపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. చాంబర్ చేత్తో పట్టుకోకుండా బయటికొచ్చిన పిల్లలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

జీతం. మొదటి రెండు మూడేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నీ స్నేహితురాళ్ళతో పోల్చుకోకు, బాధపడతావు. ఆర్‌ఎస్‌ఓ వచ్చి, నాలుగైదేళ్ళ అనుభవం వచ్చాక కుదుటపడుతుంది. జిల్లా కేంద్రాల్లో కొత్తగా పెట్టే సెంటర్లు మనుషులు దొరక్క నగరం కంటే ఎక్కువిస్తామని పిలుస్తుంటాయి. కానీ అక్కడ నువ్వొక్కదానివే ఉంటావు. మొదటి ఉద్యోగానికి అలాంటి చోటికి మాత్రం వెళ్ళకు, ఎంతిచ్చినా సరే. నీ లెక్క చూసి ‘ఈ 1012 ఎక్కడిది’ అని అడిగే మనిషి పక్కన ఉండాలి. గల్ఫ్ దేశాలకి అనుభవం మీద వెళ్ళేవాళ్ళున్నారు. అమెరికా ఆలోచన ఉంటే ఇక్కడి అనుభవం ఒక్కటే సరిపోదు. 2014 నుంచి అక్కడ బోర్డు సర్టిఫికేషన్‌కి వాళ్ళ గుర్తింపు ఉన్న రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ, చెయ్యాల్సిందే, ఆ సీటు కష్టం.

ఏఐ గురించి ఎక్కువ చెప్పను. డాక్టర్లు గంటసేపు గీసే గీతల్ని ఇప్పటికే నిమిషాల్లో గీసిపెడుతోంది, ప్లాన్లు కూడా వేస్తోంది. నాకు సంతోషమే, రాత్రి తొందరగా ఇంటికి వెళ్తున్నాను. కానీ అది వేసిన ప్లాన్‌ని దిమ్మ మీద నడిపి కొలవాలి, తప్పయితే ఆపాలి, సరే అయితే సంతకం పెట్టాలి. కొలతలు ఇష్టపడే వాళ్ళకి పని తగ్గదు. ప్లానింగ్ స్క్రీన్ ముందు మౌసు కదపడమే ఉద్యోగం అనుకునే వాళ్ళకి తగ్గుతుంది.

నువ్వు అడగలేదు గానీ, పెళ్ళిచూపుల్లో నిన్ను అందరూ అడిగే ప్రశ్న ‘డాక్టరా, టెక్నీషియనా?’ అని. రెండూ కాదని చెబితే మొహంలో చిన్న నిరాశ కనపడుతుంది. ఆసుపత్రి బోర్డు మీద నీ పేరుండదు. బాగైన పేషెంటు స్వీట్ ప్యాకెట్ తెచ్చి డాక్టర్‌కి, సిస్టర్‌కి ఇచ్చి నీ గది ముందు నుంచే వెళ్ళిపోతాడు. మొదట్లో నాకు కష్టంగానే ఉండేది. అప్పుడు మా సార్ రామయ్య నాయుడు గారి గురించి చెప్పారు. తెలుగువాడు, పారిస్ వెళ్ళి మేరీ క్యూరీ ప్రయోగశాలలో పనిచేసి, తిరిగొచ్చి బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తొలినాళ్ళలోనే అక్కడ ఫిజిసిస్ట్‌గా చేరి, వైద్యానికి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును తయారుచేసే ఏర్పాటు చేశారు. మన దేశంలో ఈ వృత్తికి ఆయనే ఆద్యులని మావాళ్ళంతా చెప్పుకుంటారు. మా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఇప్పటికీ ఆయన పేరిట స్మారకోపన్యాసం పెడుతుంది. మన ఊళ్ళల్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు. తెలియాలని నా కోరిక, అందుకే ఇక్కడ రాశాను.

బీఎడ్ మంచిదే, నాన్నగారి మాట తీసెయ్యకు. బార్క్ ఫలితం చూసుకుని రెండూ పోల్చుకునే టైమ్ నీకుంది. కానీ అప్లికేషన్ పెట్టకముందు ఒక పని చెయ్యి. మీ అమ్మమ్మకి వైద్యం చేయించిన చోటికే మళ్ళీ వెళ్ళు. ఆ ఫిజిసిస్ట్ మేడమ్‌ని అడిగి, ఒక్కరోజు పొద్దున్న ఏడింటి నుంచి రాత్రి దాకా ఓ మూల కూర్చుంటానని బతిమాలు. చాలామంది ఒప్పుకుంటారు, మా దగ్గరికి ఇష్టపడి వచ్చేవాళ్ళు తక్కువ. వీలైతే నాన్నగారిని కూడా తీసుకెళ్ళు. ఆయన పొద్దున చెక్ చూస్తే చాలు, మిగతాది నువ్వు చెప్పనక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ బారోమీటర్ ఎక్కడుందో చూపించమని అడుగు. గోడకున్నది చూపించి, పక్కన రిజిస్టర్ తెరిచి నిన్న రాసుకున్న అంకె కూడా చూపించారనుకో, ఇంటర్న్‌షిప్‌కి మొదటి దరఖాస్తు అక్కడే పెట్టు.